మొదటి నజర్, రెండో నజర్



జుమా బయాన్లలో, దావత్‌లలో, ఆడవాళ్ళ ఇజ్తెమాల్లో ఫోన్ గురించి మాట్లాడని వారం లేదు. కానీ ఆ మాటలన్నీ పిల్లల మీదే. బేటా ఏం చూస్తున్నాడు, బేటీ ఎవరితో మాట్లాడుతోంది, ఇంతే. నలభై ఏళ్ళ షౌహర్ ఫోన్లోకి రాత్రి పదకొండింటికి ఏం వస్తోందో, యాభై ఏళ్ళ ఖాలా ఫేస్‌బుక్ తెరిస్తే ఆమె అడక్కుండానే ఏ వీడియో ముందుకొచ్చి నిలబడుతోందో ఎవరూ ఎత్తరు. మన గురించి మనం మాట్లాడుకోవాలంటే షరమ్. అందుకే ఈసారి పెద్దవాళ్ళ గురించి రాస్తున్నాను. మర్ద్, ఔరత్ ఇద్దరూ చదవొచ్చు. ఇందులో బూతు మాట ఒక్కటీ ఉండదు.

చెప్పబోయేది తారీఖ్. ఫోహష్ కొత్తగా పుట్టిందేం కాదు. రాజుల దర్బారుల్లో ఉంది, కితాబుల్లో ఉంది, సినిమా హాళ్ళలో ఉంది. మారిందల్లా అది మన దగ్గరికి చేరే రాస్తా. ఒకప్పుడు దాన్ని వెతుక్కుంటూ మనిషి వెళ్ళేవాడు. ఇప్పుడు అదే మనిషిని వెతుక్కుంటూ వస్తోంది. ఖానూనూ బుజుర్గులూ నూటయాభై ఏళ్ళుగా ఏ కితాబ్ ఆపాలి, ఏ సినిమా ఆపాలి, ఏ సైటు ఆపాలి అనే చూస్తూ వచ్చారు. రాస్తా ఎలా మారిందో చూడలేదు.

నేనుండేది పుట్టపర్తిలో. మా ఊరు తెలియనివాళ్ళు తక్కువ. చిత్రావతి ఒడ్డున చిన్న పల్లె. 1950లో ప్రశాంతి నిలయం కట్టాక దేశదేశాల జనం రావడం మొదలైంది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాకు హెడ్‌క్వార్టర్ కూడా అయింది. ఆశ్రమంలో ఆడవాళ్ళ వరుస వేరు, మగవాళ్ళ వరుస వేరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విదేశీయులు కూడా ఒంటి నిండా బట్టతో నడుస్తారు. మన మొహల్లాల్లో మన అదబ్ మనకుంది. మొత్తానికి కంటికి హద్దులు పెట్టుకున్న ఊరు. ఈ హద్దులన్నీ వీధిలో ఉన్నాయి. ఫోనుకు వీధితో పని లేదు.

మొదటినుంచి చూద్దాం.

చేతిరాత కితాబుల జమానాలో శృంగారం రాసింది దర్బారు కోసం. చదవాలంటే చదువు రావాలి, దర్బారులో చోటుండాలి. తర్వాత అచ్చు వచ్చింది. అచ్చుతో కితాబ్ బజారుకెక్కింది, ఎవరైనా కొనొచ్చు. బ్రిటిష్ హుకూమత్‌కు గుబులు పుట్టింది అప్పుడే. 1860లో రాసిన ఇండియన్ పీనల్ కోడ్‌లో 292వ సెక్షన్ పెట్టారు. అశ్లీలమైన పుస్తకమో బొమ్మో అమ్మితే, పంచితే నేరం. అయితే ఏది అశ్లీలం? ఖానూన్ అప్పుడు చెప్పలేదు. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ అనే ముకద్దమాలో అక్కడి చీఫ్ జస్టిస్ కాక్‌బర్న్ ఒక కొలత చెప్పాడు. చెడు ప్రభావానికి లోనయ్యే మనసులున్న వాళ్ళ చేతుల్లో ఈ పుస్తకం పడితే వాళ్ళు చెడిపోతారా, లేదా? చూడాల్సింది అదేనన్నాడు. ఆ కొలతే దాదాపు నూటయాభై ఏళ్ళు మన అదాలత్‌లను నడిపింది. 1964లో ఒక బొంబాయి పుస్తకాల దుకాణదారుడికి ‘లేడీ చాటర్లీస్ లవర్’ అమ్మినందుకు పడిన శిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది కూడా దాని మీదే. 2014లో గానీ సుప్రీంకోర్టు ఆ కొలతను పక్కన పెట్టి, నేటి సమాజం ఏమనుకుంటుందో చూడాలని చెప్పలేదు.

ఎవరి చేతిలో పడుతుంది అన్న ఆ సవాల్‌ను గుర్తుపెట్టుకోండి. దాంతో మళ్ళీ పని పడుతుంది.

ఈ ఖానూన్ తెలుగులో గట్టిగా తగిలింది ఒక ఔరత్ రాసిన కితాబ్‌కు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి దర్బారులో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనం’ రాసింది. ఆడదాని కోరికను ఆడదే రాసిన కావ్యం. అప్పట్లో దర్బారు ఆమెను మెచ్చుకుంది. 1887లో దాన్ని అచ్చేసిన పండితుడు ఆమె తన వంశం గురించి, తన గురించి చెప్పుకున్న పద్యాలు తీసేశాడు. బెంగళూరు నాగరత్నమ్మ చేతికి అసలు ప్రతి దొరికింది. ఆమె కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన విద్వాంసురాలే. ఏమీ కోయకుండా 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులు ఆ కావ్యాన్నీ, రాసిన ఆమె పుట్టుకనూ కలిపి తిట్టిపోశారు. నాగరత్నమ్మ తన ముందుమాటలో సూటిగా సవాల్ చేసింది. మగ కవులు ఇంతకంటే పచ్చిగా రాసినవాటికి లేని సిగ్గు ఆడదాని కలానికే ఎందుకొచ్చిందని అడిగింది. ఆయన తప్పు పట్టని మగవాళ్ళ కావ్యాల పేర్లు కూడా చెప్పింది. 1911లో హుకూమత్ ఆ కితాబ్‌ను నిషేధించింది. మన అనంతపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే, కాబట్టి ఆ హుకుం ఇక్కడికీ వర్తించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో, టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో ఆ నిషేధం పోయింది.

ఈ కిస్సాలో నాకు కనిపించే సబక్ రెండు. ఒకటి, నిషేధం వస్తువును పట్టుకుంటుంది. ఆ కితాబ్ ముప్పై ఐదేళ్ళు కనబడకుండా పోయింది కాబట్టి జనంలో ఫోహష్ తగ్గిందని ఎవరైనా చెప్పగలరా? రెండోది, హయా లెక్క తీసేటప్పుడు ఆ లెక్కను ఆడదాని ఖాతాలోనే రాశారు. నూరేళ్ళయినా ఆ ఖాతా మూయలేదు. అది ముందుకెళ్ళాక చూద్దాం.

ఉర్దూలోనూ ఇదే నడిచింది. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ‘లిహాఫ్’ రాస్తే లాహోర్‌లో ముకద్దమా వేశారు. ఇందులో ఫలానా మాట అశ్లీలమని చూపించండి అంటే ఎవరూ ఒక్క మాట చూపించలేకపోయారు. మంటో మీద ఆరు ముకద్దమాలు నడిచాయి. దేశ విభజనకు ముందు మూడు, తర్వాత మూడు. దంగల్లో పడి మనుషులు ఎలా మృగాలయ్యారో రాసిన ‘ఠండా గోష్త్’ కూడా వాటిలో ఉంది. అదాలత్‌లు కథల్లో మాటలు లెక్కపెడుతున్న ఆ రోజుల్లోనే బజార్లో పిన్ను కొట్టిన చౌకబారు కితాబులు రహస్యంగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. పెద్ద పేరున్న షాయర్, అఫ్సానా రాసేవాడు అదాలత్‌లో దొరుకుతాడు. పేరు లేని సరుకు దొరకదు.

తర్వాత సినిమా. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిది నిండినవాళ్ళనే పోనివ్వాలి. ఈ సెన్సారును సుప్రీంకోర్టు దాకా లాగింది మనవాడే, ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. నాలుగు షహర్ల మీద తీసిన చిన్న డాక్యుమెంటరీలో బొంబాయి రెడ్‌లైట్ వీధి దృశ్యాలున్నాయని ఆయనకు అందరూ చూసే ‘యు’ సర్టిఫికెట్ ఇవ్వలేదు. 1970లో తీర్పు వచ్చింది. కదిలే బొమ్మ మనిషి మీద అచ్చు కంటే ఎక్కువ పని చేస్తుంది కాబట్టి ముందుగా సెన్సారు చేయడం సబబే అన్నారు. బొమ్మ బలం మాటకు లేదని అదాలత్ ఒప్పుకుంది అప్పుడు.

మా ఈడు వాళ్ళకు ఆ జమానా బాగా యాద్ ఉంటుంది. కదిరిలో, హిందూపురంలో మార్నింగ్ షో పోస్టర్లు. అక్కడక్కడా కాగితం ముక్కలు అతికించి, మూలన పెద్ద ‘ఎ’ అక్షరం. ఆ హాలుకు పోవాలంటే ముఖానికి తువ్వాలు కట్టుకుని పోవాలి. బస్టాండు బంకులో ప్లాస్టిక్ కవరేసి వేలాడదీసిన పుస్తకం కొనాలంటే అటూ ఇటూ చూడాలి. అబ్బా దోస్తో, మౌల్వీ సాబో, పాలవాడో చూస్తే ఖాందాన్ మొత్తం బద్నామ్. చూసినవాడు చూశాడు, చూడనివాడు చూడలేదు. వెళ్ళిన ప్రతివాడూ నియ్యత్ కట్టుకునే వెళ్ళాడు, పొరపాటున ఎవరూ హాల్లో కూర్చోలేదు. మధ్యలో దూరం ఉంది, టికెట్ డబ్బుంది, గేటు దగ్గర మనిషి ఉన్నాడు, ఊరి కళ్ళున్నాయి. ఆ నాలుగు చౌకీదార్లు చేసిన పని ఏ ఖానూనూ చేయలేదు.

ఆ చౌకీదార్లు ఒకేసారి పోలేదు, ఒక్కొక్కరుగా తప్పుకున్నారు. వీసీఆర్ వచ్చి హాలును ఇంట్లోకి తెచ్చింది. సీడీ వచ్చి దాన్ని జేబులో పెట్టింది. మా ఊళ్ళో విదేశీయుల రాకపోకల వల్ల నెట్ సెంటర్లు తొందరగానే వచ్చాయి. ప్లైవుడ్ అడ్డం పెట్టిన గదులు, గంటకింతని రేటు. 2010 ప్రాంతంలో రీచార్జ్ దుకాణాల్లో మెమరీ కార్డులో పాటలు నింపి ఇచ్చేవాళ్ళు, పాటలతో పాటు ఇంకేం కావాలని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. అప్పటికీ ఒక మనిషి ఉన్నాడు మధ్యలో. ఆ కుర్రాడి ముఖం చూసి అడగాలి. అడగలేక తిరిగొచ్చిన వాళ్ళు చాలామంది.

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. అంతవరకు ఒక జీబీ డేటా రెండు వందల రూపాయల పైమాటే. కొద్ది ఏళ్ళలో అది పది పదిహేను రూపాయలకు దిగింది. వానలు సరిగా పడని ఈ మెట్ట మీద దాని మతలబ్ వేరేలా ఉంటుంది. ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. వేరుశనగ పోతే బెంగళూరుకు, కేరళకు, గల్ఫ్‌కు వలస. బీవీ ఇక్కడ, షౌహర్ అక్కడ. ఇద్దరి మధ్య ఉన్నది ఆ ఫోనే. డబ్బు రావాలన్నా, ఓటీపీ రావాలన్నా, బిడ్డ ముఖం చూడాలన్నా అదే. అందుకే ఫోన్ పారేయండి అనే బయాన్ మా ఇళ్ళలో పని చేయదు. ఆకలికి అడ్డం పడే నసీహత్‌ను ఎవరూ పాటించలేరు.

హుకూమత్ అప్పుడు ఏం చేసింది? పాత పద్ధతే పట్టుకుంది. ఐటీ చట్టం 2000లో వచ్చింది, 67వ సెక్షన్ అశ్లీలం మీద. 2008లో సవరించి 67ఎ చేర్చారు. 2015 జూలై చివర్లో 857 సైట్లు ఆపమని హుకుం ఇచ్చి, గొడవ లేచాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ దత్తు, పద్దెనిమిది దాటిన మనిషి తన గదిలో కూర్చుని చూస్తానంటే ఎలా ఆపుతామని బెంచి మీద నుంచి అడిగారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పాక మళ్ళీ 827 సైట్లు ఆపారు. ఈ వాదనలన్నీ సైట్ల మీదే. సైటంటే మళ్ళీ మనిషి వెతుక్కుని వెళ్ళే చోటే. పేరు తెలియాలి, టైపు చేయాలి. హాలుకు వెళ్ళినట్టే. వాళ్ళు హాలు దర్వాజాకు తాళం వేస్తున్నారు. సరుకు అప్పటికే ఇంకో రాస్తా పట్టింది.

ఆ రాస్తా పేరు ఫీడ్. 2006 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ పెట్టింది. అంతకు ముందు ఎవరి పేజీ చూడాలంటే వాళ్ళ పేజీకి మనం పోవాలి. ఫీడ్ వచ్చాక అన్నీ మన ముందుకే రావడం మొదలైంది. మొదట్లో వచ్చినవి మన దోస్తులవీ చుట్టాలవీ. తర్వాత ఏది పైన రావాలో మెషీన్ తీర్మానించడం మొదలుపెట్టింది. 2012లో యూట్యూబ్ ఎన్నిసార్లు నొక్కారన్నది వదిలి ఎంతసేపు చూశారన్నది లెక్క తీసుకుంది. 2015 జూన్‌లో ఫేస్‌బుక్ కూడా చెప్పింది, మీరు లైక్ కొట్టకపోయినా, కామెంట్ రాయకపోయినా, ఒక పోస్టు దగ్గర ఎంతసేపు ఆగారో చూస్తామని. 2016లో ఇన్‌స్టాగ్రామ్ తారీఖుల వరుస వదిలేసింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో ఆపేశారు. పది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. 2022 జూలైలో ఫేస్‌బుక్ యజమాని జుకర్‌బర్గ్ ఇంకో మాట చెప్పాడు. జనం ఫీడ్‌లో పదిహేను శాతం దాకా వాళ్ళు ఫాలో కాని ఖాతాల నుంచి మెషీన్ తెచ్చి పెట్టినవేనని, 2023 చివరికి అది రెండింతలు దాటుతుందని. మతలబ్ ఏమిటంటే మీరు పిలవనివాళ్ళు మీ ఇంట్లోకి వచ్చి కూర్చోవడం పొరపాటున జరగడంలేదు. అది వాళ్ళ తిజారత్.

ఇక్కడ మన దీన్‌లోని ఒక మాట చెప్పాలి. సూరా నూర్‌లో ముప్పయ్యో ఆయత్ చూపు దించుకోమని ముందు మర్దులకే చెబుతుంది. ఔరత్‌ల మాట ముప్పై ఒకటో ఆయత్‌లో వస్తుంది. హజ్రత్ అలీకి రసూలల్లాహ్ చెప్పిన హదీసు మనలో చాలామందికి నోటికి వచ్చు. అనుకోకుండా పడిన మొదటి నజర్‌కు మాఫీ ఉంది, దాని వెనక రెండో నజర్ వేయొద్దు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది మన నియ్యత్.

ఆ మెషీన్ కొలిచేది సరిగ్గా ఈ రెంటి మధ్య దూరాన్నే. వేలు పైకి తోసే ముందు బొటనవేలు ఎంతసేపు ఆగింది? రెండు సెకన్లా, ఐదు సెకన్లా? తౌబా అనుకుని తోసేశారా, ఆగారా? అసహ్యంతో ఆగినా, అర్థం కాక ఆగినా, ఇష్టంతో ఆగినా దానికి ఫర్క్ తెలీదు. నియ్యత్ దానికి కనబడదు, సమయమే కనబడుతుంది. ఆగారు కాబట్టి ఇంకోటి తెస్తుంది. మూడు రోజుల్లో ఖవ్వాలీలు, బిర్యానీ వీడియోలు చూసే మనిషి ఫీడ్ వేరే రంగుకు తిరుగుతుంది. ఆ మనిషి నేనేమీ వెతకలేదు అంటాడు. అది ఝూట్ కాదు. ఫోన్ చూసిన బీవీ నమ్మదు. అదీ ఆమె తప్పు కాదు, ఎందుకంటే ఆమెకు తెలిసిన లెక్క మార్నింగ్ షో లెక్క. వెళ్ళినవాడే చూస్తాడన్నది ఆ లెక్క. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్ళలో తలాక్ మాట దాకా పోయిందో మన జమాత్ పెద్దలను అడగండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఉర్యానీ మీద పాబందీ ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ గీత గీశాక ఆ గీత పక్కనే బేరం పెరుగుతుంది. ఇది నా మాట కాదు. 2018 నవంబర్‌లో జుకర్‌బర్గే రాశాడు, గీత ఎక్కడ గీసినా సరుకు దానికి దగ్గరయ్యే కొద్దీ జనం దాని మీద ఎక్కువ ఆగుతారని, తమకు నచ్చలేదని చెప్పేవాళ్ళు కూడా ఆగుతారని. అలాంటివి పంచడం తగ్గిస్తామని కూడా రాశాడు. 2020లో ఆల్గరిథమ్‌వాచ్ అనే యూరప్ సంస్థ వాలంటీర్ల ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లు పరిశీలించింది. లోదుస్తుల్లో, ఈత దుస్తుల్లో ఉన్న ఆడవాళ్ళ ఫోటోలు ఫీడ్‌లో కనబడే అవకాశం 54 శాతం ఎక్కువని, చొక్కా లేని మగవాళ్ళవి 28 శాతం ఎక్కువని లెక్క తేల్చింది. పరిశీలన సరిగా లేదని ఫేస్‌బుక్ కొట్టిపారేసింది. మన ఫోన్‌లో రోజూ కనిపించేది మాత్రం మనకు తెలుసు. గీతకు ఇవతల ఉన్న రీల్‌లో ఒక పాట, దాని కింద ఒక లింకు, లింకు వెనక టెలిగ్రామ్ చానెల్. గీతకు అవతలిది అక్కడ. రీల్ ఇష్తెహార్, చానెల్ దుకాణం. ఎక్స్ అయితే 2024లో తన రాతపూర్వక రూల్స్‌లోనే పెద్దవాళ్ళ సరుకుకు ఇజాజత్ ఇచ్చేసింది.

కాక్‌బర్న్ దొర అడిగిన సవాల్ ఇప్పుడు తీయండి. ఇది ఎవరి చేతిలో పడుతుంది? ఆయన జమానాలో ఎవరికీ సరిగా తెలియదు, ఊహించేవాళ్ళు. ఇప్పుడు మెషీన్‌కు తెలుసు. ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరు రాత్రి నిద్రపోవడం లేదో, ఎవరి వేలు ఆగుతుందో తెలిసే పంపుతుంది. ఖానూన్ మాత్రం ఇంకా ఆ వీడియో అశ్లీలమా కాదా అనే అడుగుతోంది. 2019 ఏప్రిల్ 3న మద్రాసు హైకోర్టు మధురై బెంచి అశ్లీలం ఉందని టిక్‌టాక్ డౌన్‌లోడ్ ఆపమంది. ఇరవై ఒక్క రోజులకు అదే బెంచి ఎత్తేసింది. సరుకు గురించి మాట్లాడారు. పంపే తీరు గురించి ఎవరూ తీర్పు ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ పాత ఖాతా దగ్గరికి వద్దాం. ఆడదాని ఖాతా.

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’. చదువుకున్న, మాట్లాడే ముస్లిం ఔరత్‌ల ఫోటోలు వాళ్ళ సోషల్ మీడియా ఖాతాల నుంచి తీసి, వేలానికి పెట్టినట్టు గిట్‌హబ్‌లో యాప్ చేశారు. ఆ ఫోటోల్లో హిజాబ్ వేసుకున్నవాళ్ళున్నారు. జర్నలిస్టులు, పైలట్, హైదరాబాదుకు చెందిన పెద్ద వయసు కార్యకర్త. బట్ట తక్కువై కాదు, ముస్లింలై మాట్లాడినందుకు వాళ్ళను బజారుకీడ్చారు. ఢిల్లీ, ముంబై పోలీసులు కేసులు పెట్టారు, చదువుకునే కుర్రాళ్ళను అరెస్టు చేశారు. చాలా ఇళ్ళలో మొదట వచ్చిన మాట ఏది? ఫోటో ఎందుకు పెట్టుకుంది? నూరేళ్ళ కిందట నాగరత్నమ్మ అడిగిన సవాల్‌కు మనం ఇచ్చిన జవాబ్ ఇదే అన్నమాట.

2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఇంకో అమ్మాయి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కుర్రాడు మన ఆంధ్రప్రదేశ్ వాడే. పోలీసులు చెప్పినదాని ప్రకారం అతను ఆమె పేరు మీద ఫ్యాన్ పేజీ నడుపుతూ, ఫాలోయర్లు పెరగాలని ఆ పని చేశాడు. ఇది కొంచెం ఆగి ఆలోచించాల్సిన సంగతి. కక్ష లేదు, దుష్మనీ లేదు. జనం వేలు ఆగాలి, అంతే. మెషీన్ ఏది కొలుస్తుందో ఆ కుర్రాడికి తెలుసు, అదే సరుకు తయారు చేశాడు. రేపు అదే పని ఏ ఊరి బడి టీచరమ్మ ఫోటోతోనైనా చేయొచ్చు.

మగవాళ్ళ మెడకూ ఇదే ఉచ్చు. కొత్త నంబరు నుంచి వాట్సాప్ వీడియో కాల్ వస్తుంది. ఎత్తగానే అవతల బట్టల్లేని ఆడమనిషి వీడియో, రికార్డు చేసి పెట్టుకున్నది. నాలుగు సెకన్లలో మీ ముఖం దాని పక్కన పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తారు. గంటలో డబ్బు అడుగుతారు, లేకపోతే మీ ఫేస్‌బుక్ దోస్తులందరికీ పంపుతామంటారు. నాకు తెలిసిన ఒక మామూ, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, ఇట్లే చిక్కుకుని బక్రీద్‌కు దాచుకున్న పైసలు పంపాడు. ఆయన వెతకలేదు, అడగలేదు, ఫోన్ ఎత్తాడు. అయినా ఇంట్లో చెప్పలేకపోయాడు. దొంగ అమ్ముకున్నది ఫోహష్ కూడా కాదు, ఆయన షరమ్‌ను.

హయా ఈమాన్‌లో భాగం. నేను దాన్ని తక్కువ చేయడంలేదు. చూపు దించుకోవడానికి కావాల్సిన హయా వేరు, నోరు మూయించే షరమ్ వేరు. మొదటిది మన పని, మెషీన్ ఎంత తోసినా రెండో నజర్ మన చేతిలోనే ఉంది, దానికి జవాబ్ మనమే చెప్పుకోవాలి. రెండోది దొంగకు, కంపెనీకి, ఫోటో మార్చినవాడికి నఫా ఇస్తోంది. మనం మాట్లాడకపోతే లాభం వాళ్ళదే.

కాబట్టి ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఇది. షౌహర్, బీవీ ఒకరి ఫోన్ ఒకరు తనిఖీ చేసే ముందు, ఫీడ్ ఎలా పని చేస్తుందో ఇద్దరూ కూర్చుని తెలుసుకోండి. నచ్చనిది వస్తే కళ్ళు మూసుకుని తోసేస్తే చాలదు, మూడు చుక్కలు నొక్కి ‘నాట్ ఇంటరెస్టెడ్’ అనాలి, అప్పుడే మెషీన్‌కు తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో సెన్సిటివ్ కంటెంట్ తగ్గించే సెట్టింగ్ 2021 నుంచి ఉంది, మొత్తం సిఫారసులు తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టే సదుపాయం 2024 చివర్లో ఇచ్చారు. వీడియోలు తమంతట తామే ఆడకుండా ఆపే సెట్టింగ్ ఉన్నచోట ఆపుకోండి. కొత్త నంబరు నుంచి వీడియో కాల్ ఎత్తొద్దు.

ఖానూన్ సంగతి కూడా తెలిసుండాలి. పెద్దవాళ్ళు తమ గదిలో చూసిన దాని మీద కేసు లేదు, అది మీకూ అల్లాహ్‌కూ మధ్య సంగతి. ఇతరులకు ఫార్వర్డ్ చేస్తే మాత్రం 67ఎ కింద మొదటిసారికే ఐదేళ్ళ దాకా ఖైదు, పది లక్షల దాకా జుర్మానా. కజిన్స్ గ్రూపులో నవ్వుకోవడానికి పంపినా అంతే. పిల్లలవైతే ఫోన్‌లో దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మన ఇంట్లో ఒక బేటీ, ఒక ఆపా, ఒక అమ్మీ వచ్చి నా ఫోటోతో ఎవరో గలీజు చేశారని చెబితే, ఫోటో ఎందుకు పెట్టావని అడగొద్దు. ఏ ఖాతాలో కనబడింది, ఎప్పుడు కనబడింది, ఈ రెండు అడగండి. స్క్రీన్‌షాట్, లింకు దాచండి. 2021 రూల్స్ ప్రకారం ఫోటోలోని మనిషి, లేదా ఆమె తరఫున ఇంకొకరు ఫిర్యాదు చేస్తే కంపెనీ రెండు గంటల్లో తీసేయాలి, 2026 ఫిబ్రవరి దాకా ఆ గడువు 24 గంటలు. అట్లా మార్చిన ఫోటోలకూ అదే రూలు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయొచ్చు. పేరు చెప్పకుండా రాసే దారి కూడా అక్కడ ఉంది. ఆమె ఒక్కతే పోలీస్ స్టేషన్‌కు పోకుండా అబ్బానో భాయో తోడు వెళ్ళండి. తల దించుకోకుండా వెళ్ళండి.

ఖుదా హాఫిజ్.